పందిచెవి గాటు

మా మనవరాలు ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు చదువు చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చినా పుస్తకం వదలదు, పైకి చదువుతుంది. పైకి చదివితే ఖర్చేమీ లేదు కాబట్టి నేనూ ఏమీ అనను. మొన్నొక మధ్యాహ్నం నేను పంచలో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతున్నాను. అది గోడకు ఆనుకుని ఒకే మాటను తిప్పి తిప్పి చదువుతోంది.

"పంది చూడి కాలం నూట పద్నాలుగు రోజులు. పంది చూడి కాలం నూట పద్నాలుగు రోజులు."

"మూడు నెలలు, మూడు వారాలు, మూడు దినాలు," అన్నాను.

అది తలెత్తింది. తొంభై, ఇరవై ఒకటి, మూడు అని వేళ్ల మీద కూడుకుంది. "సరిపోయింది జేజీ. నీకెట్ల తెలుసు?"

"నీ పుస్తకంలో లేనిది ఇంకొకటి చెప్తా విను. పందిని కొనేటప్పుడు మొగం చూడగూడదు. వంగి పొట్ట కింద చూడాల. ఎన్ని చన్నులుంటే అన్ని పిల్లలు బతుకుతాయి. అంతకు మించి పుట్టినా లెక్కలోకి రావు."

మనవరాలు పుస్తకం మూసేసింది. ఈ ఇంట్లో అన్నం ముందు కూర్చుని పంది అన్న మాట ఎత్తితే మా అత్త పళ్లెం పక్కకు తోసి లేచిపోయేది. అట్లాంటి ఇంటి కోడలికి ఈ విద్య ఎవరు చెప్పారని దాని అనుమానం. అడగడం న్యాయమే. చెప్పిన మనిషి ఇప్పుడు లేదు, వినకూడని వాళ్లూ లేరు. కాబట్టి చెప్పాను. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి వరకే. తప్పులుంటే అదే దిద్దుతుంది.

ఆమె పేరు నాకు తెలియదు. ఇన్నేళ్లు కలిసి వ్యాపారం చేసి పేరు అడగలేదా అంటే, అడగలేదు. ఊరంతా పందులామె అనేది. ఆమె నన్ను రెడ్డెమ్మా అనేది. మా పనికి అంతకు మించి అవసరం పడలేదు.

జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఉంది మా ఊరు. ఊరి చివర కంపచెట్ల దగ్గర ఆమె గుడిసె, దాని చుట్టూ పందులు. చేతిలో ఎప్పుడూ పొడుగు కట్టె ఉండేది గానీ దాంతో పందిని కొట్టడం నేను చూడలేదు. గొంతు లోపలి నుంచి "ఊర్ర్ర్" అని ఒక్క కూత వేస్తే ఎక్కడెక్కడివో పరిగెత్తుకుంటూ వచ్చేవి. వచ్చిన పంది పొట్టను కాలి బొటనవేలితో గీరేది. అది కళ్లు మూసుకుని గోడ కూలినట్టు పక్కకు ఒరిగిపోయేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా పెరట్లో గొంతుకూర్చుని నాతో మాట్లాడేటప్పుడు కూడా ఆమె బొటనవేలు మట్టిని గీరుతూనే ఉండేది.

పందులకు పేర్లు పెట్టేది. అందరికన్నా ముందు తినేది పెద్దకోడలు. ఏ పనీ చేయక ముందు ముందు నడిచేది మేస్త్రి. లెక్కలన్నీ వేలి గణుపుల మీదే. "చేతికి పన్నెండు గణుపులు, మంచి పందికి పన్నెండు చన్నులు. దేవుడు నాకు పలక ఇయ్యకపోయినా లెక్క ఇచ్చినాడు," అనేది.

పొలం గట్టు దగ్గర మా ఆయనకూ ఆయన అన్నకూ తగాదా వచ్చి వాకిట్లో అరుచుకుంటున్న రోజున ఆమె పెరట్లో కుడితి కోసం నిలబడి ఉంది. కాసేపు విని, "పందిపిల్లకుండే బుద్ధి మనుసులకు లేకపాయె. పుట్టిన మూడోనాటికి ఎవురి చన్ను వాళ్లు పట్టుకుంటాయి. పక్కదాని దాంట్లో మూతి పెట్టవు," అంది. నేను నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె మాత్రం ఆపుకోలేదు. ఆమెకు నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు లేదు.

ఆ రోజుల్లో నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఇంటి వెనక మరుగుదొడ్డి. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఆడవాళ్లమంతా తెల్లవారకముందే చెంబు పట్టుకుని కంపచెట్ల వైపు పోవాలి. లేదంటే కడుపు బిగబట్టుకుని పొద్దుగూకే దాకా ఆగాలి. మాది నల్లరేగడి. వాన పడితే అడుగు తీసి అడుగు వేయలేము. ఒక వానాకాలం మా అత్త ఆ బురదలో జారి గుంతలో పడింది. ఎత్తుకుని తీసుకొచ్చి మంచం మీద వేశాం. రెండు నెలలు లేవలేదు. మా అమ్మాయి అప్పటికి ఎదుగుతున్న పిల్ల. మా ఆయనను అడిగితే, "ఊర్లో ఎవురికీ లేంది మనకెందుకే? అంత ఇంటిని పెట్టుకుని ఇంటి పక్కనే ఆ కంపు పెట్టుకుంటారా ఎవురన్నా?" అన్నాడు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే మాట. మూడోసారి అడగలేదు. ఒకే పనికి మూడుసార్లు మాట ఖర్చు పెట్టడం నాకు చేతకాదు.

ఆ వానే మా పాతరలోకీ దిగింది. అప్పట్లో నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి దాచేవాళ్లం. దాన్నే పాతర అంటాం. ఆ ఏడు తెరిచి చూస్తే పక్కలంటిన జొన్నలు చెడిపోయి గుప్పుమన్నాయి. మంచివి తీయగా రెండు మూటల చెడ్డవి మిగిలాయి. బర్రెకు పెడితే మూతి తిప్పుకుంది. పారబోయమన్నాడు మా ఆయన. నేను వాటిని పెరట్లో ఎండబోసి, ఏం చేయాలా అని చూస్తూ కూర్చున్నాను. గోడ అవతల ఆమె తల కనిపించింది.

"రెడ్డెమ్మా, ఆ వాసన జొన్నలు నాకియ్యి."

"ఎంతిస్తావు?"

"కుళ్లిపోయిన దానికి కూడా దుడ్లు అడుగుతాండావే. నీ మాదిరి మనిసిని నేను యాడా సూడలా."

"చూసినావు కదా. దుడ్లు లేకుంటే పో."

పోలేదు. లోపలికి వచ్చి జొన్నల పక్కన గొంతుకూర్చుంది. బొటనవేలు మట్టిని గీరసాగింది. కాసేపటికి చెయ్యి చాపి గణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నీ బర్రె యాడాదిన్నరకు ఒక దూడ ఏస్తాది. మగదైతే అదీ లెక్క లేదు. దానికి పత్తివిత్తులు పెడతాండావు, చెనిక్కాయ చెక్క పెడతాండావు. నువ్వు తిన్నా తినకున్నా దానికి పెడతాండావు. అవునా? నా పంది యాడాదికి రెండు ఈతలు ఈనతాది. ఈతకు ఎనిమిదనుకో. రెండు సస్తాయి, ఒకదాన్ని కుక్కలు పట్టుకుపోతాయి. ఐదు నిలబడతాయి. రెండీతలకు పది. దాని మేపు ఖర్చెవురిది? ఊరిది. ఊరు తెల్లారకముందే లేసి నా పందులకు సద్ది కట్టి పోతాది."

 జొన్నలు నెరిపే నా చెయ్యి ఆగిందని ఆమె గమనించే ఉంటుంది.

"ఈ జొన్నలు నాకియ్యి. దీనికి బదులు నా కాడుండే పిల్లల్లో ఒక ఆడదాన్ని నీ పేరు మీద ఇడుస్తా. నేను మేపుతా. పుట్టినవి చెరిసగం."

ఒకరి పశువును ఇంకొకరు మేపి, పుట్టిన పిల్లల్ని సగం సగం పంచుకోవడాన్ని మా వైపు పాలుకు పెట్టడం అంటారు. గొర్రెల్ని పెడతారు, ఆవుల్ని పెడతారు. పందిని పెట్టిన రైతుబిడ్డ మా చుట్టుపక్కల లేదు.

"నాకు పందా? మా అత్తకు తెలిస్తే నన్ను గడప తొక్కనిస్తాదా?"

"నీ వాకిట్లో తెచ్చి కట్టేస్తానంటినా? పంది నా కాడ ఉంటాది, దుడ్లు నీ కాడ ఉంటాయి. దుడ్ల మీద ఇవి బర్రెవి, ఇవి పందివి అని రాసుంటాదా?"

ఆలోచించాను. పారబోయాల్సిన జొన్నలు. ఖర్చు లేని మేపు. ఏడాదికి పది పిల్లలు, అందులో ఐదు నావి. ఇంత లాభం కళ్ల ముందు పెట్టుకుని కాదనడానికి నాకు నోరు రాలేదు. మూటలు నేనే ఎత్తి ఆమె తలకు పెట్టాను.

మేపేవాళ్లు తమ పందుల్ని గుర్తు పట్టడానికి చెవి కోస్తారు. ఆమె గుర్తు, చెవి కొన నేరుగా కోయడం. నా పిల్లకు మాత్రం ఎడమ చెవి అంచున మూడు మూలల గాటు పెట్టింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో అందరూ తమ చెవులకు కమ్మలు పెట్టించుకుంటుంటే, నేను పంది చెవికి గాటు పెట్టించుకున్నాను.

"దానికేం పేరు పెట్టినావు?" అని అడిగాను ఒకసారి.

"పిసినారి. దేన్నీ ఇడిసిపెట్టదు."

అప్పటి నుంచి నాకు కొత్త కష్టం వచ్చింది. వీధిలో పోతుంటే కళ్లు పందుల చెవుల మీదికి పోయేవి. అత్తను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఒకరోజు గాటు చెవిది ఎదురుగా వచ్చింది. నిగనిగలాడుతోంది, పొట్ట నేలకు ఆనుతోంది. నాలో నేను మురిసిపోతుండగానే మా అత్త వంగి రాయి అందుకుంది.

"వద్దత్తా, పాపం."

"పందికి పాపమేందే? నీకేమన్నా ఎర్రిబట్టిందా?"

"సూడిది మాదిరుంది," అన్నాను. అత్త నా మొగం వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రాయి మాత్రం వేయలేదు.

మొదటి ఈతలో ఏడు. ఒకటి తల్లి కింద పడి నలిగింది. ఆరు మిగిలాయి. నా వంతు మూడూ ప్రొద్దుటూరులో అమ్మి, దుడ్లు తెచ్చి ఇచ్చింది. తన వంతులో ఒక ఆడపిల్లను ఉంచుకుంది. ఆ దుడ్లు వడియాల డబ్బాలో వడియాల కింద దాచాను. మరుగుదొడ్డికి అవి చాలవు. గుంత తవ్విన కూలికి మాత్రం వస్తాయి. సరే, మొదలంటూ పడింది అనుకున్నాను.

ఆ మరుసటి ఎండాకాలం పందులకు రోగం తగిలింది. ఊరి చివర ఒకటొకటే పడిపోతున్నాయని విన్నాను. పోయి చూడలేను, ఎవర్నీ అడగలేను. నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన, పులివెందుల నుంచి వచ్చిన మా బావ వసారాలో సంగటి తింటున్నారు. పెరటి గోడ అవతల నుంచి ఆమె పిలిచింది. పోయాను. ఆమె కొంగు ముడి విప్పి చెయ్యి చాపింది. అరచేతిలో చెవి. గాటు ఉన్న చెవి.

"నీది పాయె రెడ్డెమ్మా."

పాలుకు పెట్టిన జీవం చస్తే మేపినవాళ్లు చెవి తెచ్చి చూపించాలి. అది పద్ధతి. లేకపోతే అమ్ముకుని చచ్చిందన్నారని మాట వస్తుంది. పద్ధతి తెలిసి కూడా నా నోరు ఊరుకోలేదు.

"ఎప్పుడూ పాలుకిచ్చినోళ్లదే సస్తాదంట. మేపినోళ్లది సావదంట."

ఆమె నన్ను తిట్టలేదు. రెండో ముడి విప్పింది. ఆరు చెవులు. అన్నీ కొన కోసినవే. గోడ మీద వరసగా పెట్టింది. "ఇది పెద్దకోడలు. ఇది మేస్త్రి," అని చూపిస్తూ పోయింది. మిగతా నాలుగింటికి పేరు చెప్పబోయి ఊరుకుంది.

నాకు తల ఎత్తడం చేతకాలేదు. వసారాలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఎవురే అది?"

"పందులామె."

"ఏందంట?"

నోటికి వచ్చింది అనేశాను. "చెవి నొప్పంట."

"ఎల్లిపాయ నూనె కాంచి పొయ్యమను."

ఆమె చేతిలో చెవి పట్టుకుని నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ముందు ఎవరు మొదలుపెట్టామో తెలియదు. ఇద్దరం గోడ పట్టుకుని, గొంతు బయటికి రాకుండా, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాం. ఆమె చేతికి మిగిలింది ఒక పోతుపంది, ఒక పిల్ల. అది నవ్వాల్సిన రోజు కాదు.

నవ్వు ఆగినాక ఆమె కొంగుతో మొగం తుడుచుకుంది. "మిగిలిన పిల్ల నీ పంది బిడ్డే. నా వంతుకొచ్చింది. దాని చెవికి కొన కోత మొదట్నుంచీ ఉండాది. ఈ పొద్దు నీ గాటు కూడా పెట్టి వచ్చినా. ఈనితే చెరిసగం."

"అది నీ వంతుది కదా. నాకెందుకు సగం?"

"దాని తల్లి నీ జొన్నలు తిని ఈనింది. ఇంకా నీ గది కట్టలేదు కదా."

మరుగుదొడ్డి సంగతి ఆమెకు ఎప్పుడో ఒకసారి నోరు జారి చెప్పాను. గుర్తు పెట్టుకుంది.

నేను లోపలికి పోయి ఒక మూట జొన్నలు తెచ్చి ఇచ్చాను. పురుగు లేనివి, వాసన లేనివి, మేము తినే జొన్నలు. ఆమె గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మంచివే. తప్పు మూట తెచ్చినావేమో సూసుకో," అంది. నా చేతులతో మంచి గింజ పందికి పెట్టింది అదొక్కసారే.

ఆ పిల్ల పెరిగి రెండేళ్లలో నాలుగు ఈతలు ఈనింది. దేవుడి దయ, ఏ రోగమూ రాలేదు. వడియాల డబ్బాలో వడియాలకు చోటు లేకుండా పోయింది. ఒకరోజు డబ్బా తెచ్చి మా ఆయన ముందు బోర్లించాను.

"ఇంత యాడిదే?"

"మిగిలిచ్చినా."

ఆయన డబ్బు వైపు చూశాడు, నా అతుకుల చీర వైపు చూశాడు. నమ్మాడు. నా పిసినారితనం మీద ఊరందరికీ అంత నమ్మకం. డబ్బు పంది తెచ్చింది, పరువు నా పేరు కాపాడింది.

జమ్మలమడుగు నుంచి రాతిపని చేసే బేల్దారి సాయిబు వచ్చాడు. గోడలకు, పైకప్పుకు మా కడప బండలే. ఆమె రోజూ వచ్చి గొంతుకూర్చుని చూసేది. ఇల్లు కట్టించే ఆసామి మాదిరి చూసేది. గుంత లోతు తక్కువైందనేది, వాకిలి వంకరుందనేది. సాయిబుకు చిరాకు వచ్చింది.

"ఏందమ్మా, నీదా ఈ గది?"

"నాది కాదు మామా. నా నోటికాడ కూడు తీసేసే గది. అందుకే గట్టిగా కడతాండారా లేదా అని సూస్తాండా."

నిజమే. ఇల్లిల్లూ ఇట్లా కట్టుకుంటే ఊరి మేపు పోతుంది. ఆ సంగతి ఆమెకు నాకన్నా ముందే తెలుసు. అదే అడిగాను ఒకసారి, ఎందుకు సాయం చేశావని. "పెద్దావిడ గుంతలో పడిన దినం మొదట పరిగెత్తింది నేనే. నా పందులు అప్పుడు ఆడనే ఉండాయి. అంత పెద్ద మనిసి నా చేతులు పట్టుకోనికి కూడా సిగ్గు పడె," అంది. 

వాకిలి పైన అడ్డబండ ఎత్తే రోజున సాయిబుతో, "మామా, ఈ బండకు ఎడమ పక్క అంచున మూడు మూలల గాటు ఒకటి కొట్టు," అంది.

"ఎందుకు?"

"దిష్టికి. ఊర్లో మొదటి గది కదా."

సాయిబు ఉలి తీసుకుని కొట్టాడు. నేను బండ వైపు చూసి, ఆమె వైపు చూసి, లోపలికి పోయి సాయిబుకు టీ పెట్టాను. రెండో పొంగు రానిచ్చి మరీ పెట్టాను. పాలు కూడా కాస్త ఎక్కువే పోశాను.

మా అత్త ఆ గదిలోకి మొదటిసారి తనంతట తాను నడిచి పోయి వచ్చి, మంచం మీద కూర్చుని, "ఎవురి కడుపు సల్లగుండా కట్టిచ్చినారో," అంది. పంది కడుపే అత్తా అందామనిపించింది. 

ఆ తర్వాత జరిగింది మాత్రం మా ఇద్దరి ప్రమేయం లేకుండానే జరిగింది. మాది చూసి పక్కింటివాళ్లు కట్టించుకున్నారు. అదే సాయిబు. ఎడమ పక్క గాటు కొట్టాలా అని ఆయనే అడిగాడట. దిష్టి సంగతి కదా, కొట్టమన్నారు. ఎదురింటివాళ్లూ కొట్టించారు. మూలింటాయన కట్టినప్పుడు సాయిబు మరిచిపోతే, వారం తర్వాత పిలిపించి మళ్లీ కొట్టించుకున్నాడు. ఇప్పటికీ మా వీధిలో ఏడు గదులకు పందిచెవి గాటు ఉంది. ఉగాదికి వాటికి పసుపు రాసేవాళ్లు కూడా ఉన్నారు. ఆమె వీధి చివర నిలబడి గణుపులు లెక్కపెట్టి నా దగ్గరికి వచ్చేది.

"రెడ్డెమ్మా, మన మంద పెరుగుతాంది."

మంద పెరిగేకొద్దీ అసలు మందకు తిండి తగ్గింది. తర్వాత ఇంటింటికీ గవర్నమెంటు వాళ్లే కట్టించారు. ఆమె గుడిసె తీసేసి ప్రొద్దుటూరు వైపు వెళ్లిపోయిందని విన్నాను. అయిపోయింది పాపం అనుకున్నాను. అట్లా అనుకోవడం నా తెలివితక్కువ.

చాలా ఏళ్ల తర్వాత ప్రొద్దుటూరులో మా చుట్టాల పెళ్లికి పోయాను. కల్యాణ మండపం వెనక చేతులు కడుక్కుంటుంటే, "రెడ్డెమ్మా" అని వీధి దద్దరిల్లేలా పిలుపు. పట్టుచీరల వాళ్లంతా తిరిగి చూశారు. ఆటో వెనక నీలం డ్రమ్ములు, డ్రమ్ముల పక్కన ఆమె. జుట్టు నెరిసింది, బొడ్లో సెల్‌ఫోను. నేను నేరుగా ఆటో దగ్గరికి పోయాను.

"ఇంకా మేపుతాండావా?"

"షెడ్డు ఏసినా. తెల్ల సీమపందులు. ఊరి మేపు పాయె, ఇప్పుడు పెండ్లిండ్ల మేపు. మండపాల్లో మిగిలిందంతా తీసుకపోయి కాంచి పోస్తా. ముహూర్తాలుంటే నా పందులు బలుస్తాయి, మూఢమొస్తే ఎండతాయి. అప్పుడు పులివెందుల నుంచి అరటిబోదెలు తెప్పిస్తా. ఖర్చు రెడ్డెమ్మా, శానా ఖర్చు. అందుకే పంచాంగం సూసి పందిని పోతు కాడికి ఇడుస్తా. పిల్లలు పాలు మరిసే యాళకు పెండ్లిండ్లు మొదలు కావాల."

"పంచాంగం ఎవురు చూస్తారు నీకు?"

"మండపం అయ్యగారు. నా ఇంట్లో పెండ్లీడు పిల్లలు శానామంది ఉండారనుకుంటాండాడు."

డ్రమ్ములోకి తొంగి చూశాను. అన్నం, పప్పు, చెయ్యి పెట్టని లడ్లు. నా ప్రాణం ఉసూరుమంది. ఆమె నా మొగం చూసి నవ్వింది. "నువ్వు వడ్డిస్తే నా పందులు సస్తాయి. నీ మాదిరోళ్లు ఇంకొక పదిమంది ఉంటే నేను షెడ్డు మూసుకోవాల." తర్వాత గొంతు తగ్గించింది. "మన గది ఎట్లుండాది?"

మన గది అంది. నాకు ఆ రాత్రంతా ఆ మాటే. ఆమె పెట్టుబడి సగం. ఆ గది కట్టి ఎన్నో ఏళ్లు. ఒక్కరోజు కూడా లోపలికి రమ్మని నేను అనలేదు, ఆమె అడగలేదు. పైసా పైసాకూ లెక్క చూసే నేను, పాలుదారు వంతు ఎగ్గొట్టి కూర్చున్నాను.

రెండేళ్ల కిందట ఆమే వచ్చింది. పెద్దముడియంలో ఎవరికో పిల్లల్ని అమ్మి తిరిగి పోతూ మా వాకిట్లో ఆటో ఆపించింది. మోకాళ్లు పట్టేశాయి, కట్టె ఊతం. ఈసారి ఆ కట్టెకు నిజంగా పని పడింది. పెరటి వైపు పోబోతుంటే ముందు వాకిలి నుంచి రమ్మన్నాను. వసారాలో కూర్చుంది. టీ తాగింది. లేచేటప్పుడు కంపచెట్ల వైపు చూసి, "యాడన్నా సాటు ఉందా ఆడ? అంతా చదును చేసినారే," అంది.

నేను లేచి పోయి గది తలుపు తీశాను. బకెట్టు నిండా నీళ్లు పెట్టాను.

"నేనా?" అంది.

"సగం నీది. ఇన్నేండ్ల వంతు బాకీ ఉండాది. పో."

ఆమె అడ్డబండ కింద నిలబడి తలెత్తి గాటును చూసింది. చెయ్యి పైకెత్తి వేలితో తడిమింది, పందిపిల్ల చెవిని తడిమినట్టు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. చాలాసేపు రాలేదు. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి లోపలెవరని అడిగాడు. "గది ఆసామి," అన్నాను. వాడికి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ ఆమె అన్న మాట ఇది.

"నా పందులు కడుపు మాడ్సుకున్నా, కట్టడం మాత్రం బాగా కట్టినాయి రెడ్డెమ్మా."

మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నేనూ పెట్టుకోలేదు.

పోయిన చలికాలంలో ఆమె పోయిందని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా చుట్టాలు చెప్పారు. నిద్రలోనే పోయిందట. షెడ్డు కూతురు చూసుకుంటోందట. నేను ఏడవలేదు. పెరట్లోకి పోయి కాసేపు కూర్చున్నాను. కాలి బొటనవేలు దానంతట అదే మట్టిని గీరుతోంది.

ఇదంతా విన్నాక మా మనవరాలు పుస్తకం చంకలో పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఏడు గదులూ తిరిగి, అన్ని గాట్లూ ఫోనులో ఫొటోలు తీసుకుని వచ్చింది. పడీ పడీ నవ్వింది. పరీక్షలో పందుల గుర్తుల మీద ప్రశ్న వస్తే ఈ ఫొటోలు అంటిస్తానంది. మూలింటాయన గాటుకు పసుపు కూడా ఉందంది.

ఈ నెలలో మా అబ్బాయి పాత గది కొట్టేసి, టైల్సు వేసి కొత్తది కట్టిస్తున్నాడు. కొట్టుకో, కానీ ఆ అడ్డబండ మాత్రం కొత్త వాకిలి మీద పెట్టాలన్నాను. పాత బండ ఎందుకమ్మా, కొత్తది ఎంత ఖర్చని అన్నాడు. అంతలో వాడే ఆగి గాటు వైపు చూశాడు.

"అవునులే, దిష్టి బండ కదా. ఉండనీ," అన్నాడు.

మనవరాలు నా వైపు చూసింది. నేను చాటలో పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను.